పిడికిలి కొలత

మాణిక్యమ్మ దగ్గర సైజు కర్ర ఉండేది కాదు.

గాజులమ్మే వాళ్ళందరి దగ్గరా ఆ కర్ర ఉంటుంది. ఒక కొస సన్నగా, ఇంకో కొస లావుగా, మధ్యలో గీతలు. గాజును దానికి తొడిగితే ఏ గీత దగ్గర ఆగిందో అదే సైజు. మాణిక్యమ్మ గాజుల మలారం మూట భుజాన వేసుకుని మొఘల్‌పురా నుంచి జహనుమా దాకా పద్దెనిమిదేళ్ళు గల్లీ గల్లీ తిరిగింది గానీ, ఆ కర్ర కొనలేదు. ఆమె కొలత వేరు. ఆడమనిషి చెయ్యి అందుకునేది. బొటనవేలు లోపలికి మడిచి, మెటికలన్నీ కలిపి తన పిడికిట్లో ఒక్కసారి నొక్కేది. "రెండుంబావు" అనేది. లేకపోతే "రెండున్నర". ఆమె చెప్పిన సైజు గాజు సబ్బునీళ్ళతో మెటికల మీదుగా జారి మణికట్టు మీదికి వచ్చి కూర్చునేది. పగిలేది కాదు.

ఈ విద్య అత్త ఆగమ్మది. మొగుడు పోయాక పెళ్ళిళ్ళకూ సీమంతాలకూ ఆగమ్మను పిలవడం మానేశారు. మలారం కోడలి భుజం మీదికి మారింది. దానితోపాటు ఒక నియమం కూడా వచ్చింది. ముత్తైదువ చెయ్యి ఒక్క క్షణమైనా బోడిగా ఉండకూడదు. పాత గాజులు తీసేటప్పుడు ఒకటి ఉంచాలి. కొత్తది ఎక్కాకే ఆ ఒక్కటీ తియ్యాలి. మాణిక్యమ్మ ఎంత తొందరలో ఉన్నా ఈ నియమం తప్పలేదు.

1977 ఎండాకాలంలో ఆమె పిడికిలి తప్పింది.

జహనుమాలో ప్రభాకర్ గారింట్లో పెళ్ళి. ఆయన భార్య రాధాబాయి పదేళ్ళుగా మాణిక్యమ్మ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా గాజులు వేయించుకోలేదు. వాళ్ళ కూతురు కోమలవల్లే పెళ్ళికూతురు, పసుపు రాసిన చేతులు చాపి చాప మీద కూర్చుంది. చుట్టూ చుట్టాలు. మాణిక్యమ్మ ఆ చెయ్యి పిడికిట్లో నొక్కింది.

"రెండుంబావు."

"నిరుడు దసరాకు రెండున్నర అన్నవ్ గద?" అంది రాధాబాయి.

"పెండ్లి ఫికర్‌కు సన్నవడ్డది పిల్ల. నా పిడికిలి అబద్ధం చెప్తదా బాయమ్మా?"

అందరూ నవ్వారు. మొదటి గాజు మెటికల దగ్గర ఆగింది. మాణిక్యమ్మ ఇంకాస్త సబ్బు రాసి నెట్టింది. గాజు టప్పున పగిలింది. రెండోదీ అంతే. మూడోది పగిలి చర్మంలో దిగింది. పసుపు మీద నెత్తురు కారింది. నవ్వులు ఆగిపోయాయి.

"అమ్మా, ఏం గాలే. నొప్పి లేదు," అంది కోమలవల్లి. పిల్ల కళ్ళలో నీళ్ళున్నాయి.

"పెండ్లిపిల్ల చేతుల నుంచి రక్తం కార్పిచ్చినవ్ గదనే!" రాధాబాయి పిల్ల చెయ్యి తన వైపు లాక్కుంది. "మూడు నెలల సంది ఇదే లొల్లి. మా వదినె చెయ్యి గీరినవ్. పక్కింటోళ్ళయి పగలగొట్టినవ్. నీది చెయ్యా, బండరాయా? లే. మలారం కట్టుకొని లే."

మాణిక్యమ్మ లేచింది. గుమ్మం దాటేటప్పుడు ఎడమ భుజం తలుపుకు ధడాలున తగిలింది. ఈ మధ్య అన్ని తలుపులూ అట్లాగే తగులుతున్నాయి.

ఆమెకు కోపం వచ్చింది. తన మీద కాదు. సరుకు మీద. గాజులు చిన్నవి పంపి పెద్ద సైజు చీటీ కడుతున్నారని ఆమెకు మూడు నెలల నుంచీ అనుమానం. ఆ పగిలిన ముక్కలు కొంగున కట్టుకుని, మరునాడు పొద్దున్నే బస్సెక్కి అఫ్జల్‌గంజ్‌లో దిగింది. ఆమెకు సరుకిచ్చే సీతారాం సేటు గాజుల గోదాము అక్కడే. ముసలి సేటు ఆమెను పెళ్ళైన కొత్తల్నుంచీ ఎరుగు.

"సేటూ, గిదేం దందా? రెండుంబావు చీటీ కట్టి అంతకన్న చిన్నయి ఇస్తున్నవా?"

సేటు చీటీ ఉన్న కట్ట విప్పి, కర్రకు తొడిగాడు. రెండుంబావు గీత దగ్గర ఆగింది. ఇంకో కట్ట తీశాడు. అదీ సరిగ్గానే ఆగింది. అట్లా ఆరు కట్టలు.

"అయితే నీ కర్రనే తప్పు," అంది మాణిక్యమ్మ.

"కర్ర మా నాయన కాలంది బిడ్డా. కొయ్య పెరగదు." సేటు ఆమె చేతుల వైపు చూశాడు. "నీ చేతికున్నయ్ ఎప్పటియి?"

ఆమె మణికట్ల మీద రెండేసి ఆకుపచ్చ గాజులు ఉన్నాయి. "గవ్వా? మస్తు ఏండ్లయింది. పగలనియ్యలే."

"సైజెంత?"

"రెండుంబావు. నా పెండ్లప్పటి సైజు గదనే."

సేటు రెండుంబావు గాజు ఒకటి ఇచ్చాడు. "ఎక్కియ్యి."

అది వేళ్ళ మధ్యలోనే ఆగింది. రెండున్నర ఇచ్చాడు. మెటికల దగ్గర ఆగింది. రెండుముప్పావు ఇచ్చాడు. గోదాములో అంతకన్నా పెద్దది లేదు. అదీ ఆగింది.

"లోపలున్నయ్ ఇప్పుడు బైటికి రావు. బైటున్నయ్ లోపలికి పోవు. సరుకు చిన్నగ కాలే మాణిక్యమ్మా. నీ చెయ్యి పెద్దగైంది. పెద్ద పిడికిట్ల పెడితే ఎవరి చెయ్యైనా చిన్నగనే ఉంటది."

మాణిక్యమ్మ తన చెయ్యి తిప్పి చూసుకుంది. వేళ్ళు అరటికాయల్లా ఉన్నాయి. అరచెయ్యి మెత్తగా, మందంగా, చెమటతో ఉంది. రోజూ చూసే చెయ్యే. సబ్బునీళ్ళకు ఉబ్బిందనుకుంది. అత్త కూడా అదే అంది. ఇప్పుడు ఆ చెయ్యి ఎవరిదో తెచ్చి తన మణికట్టుకు అతికించినట్టుంది. ఏడుపు రాలేదు. భయమూ రాలేదు. లోపల ఏదో నల్లా కట్టేసినట్టు అన్నీ ఆగిపోయాయి.

"చాయ్ తాగు," అన్నాడు సేటు.

"యాడుంది?"

సేటు ఆమె మొహంలోకి చూశాడు. చాయ్ కప్పు ఆమె ఎడమ మోచెయ్యి పక్కనే పొగలు కక్కుతోంది.

అప్పుడు ఆమెకు మొఘల్‌పురా బేగం మాట గుర్తొచ్చింది. నెల కింద ఆమె ఆకుపచ్చవి అడిగితే, పరిచిన మలారం చూసి "ఖతమ్ హో గయే బీబీ, అయిపోయినయ్" అంది తను. బేగం పకపకా నవ్వింది. "అంధీ హో గయీ క్యా గే? యే క్యా హై, తేరే బాజూమెంచ్ హై!" గుడ్డిదానివయ్యావా, నీ పక్కనే ఉన్నాయి కదా అని, అంచున ఉన్న వరస బేగమే తీసి చూపించింది. కళ్ళద్దాలు కావాలేమోనని అప్పుడు మాణిక్యమ్మ అనుకుంది. అనుకుని మరిచిపోయింది.

ఇంట్లో మొగుడు గుండయ్యకు చెప్పింది. గుండయ్య నల్లా డిపార్ట్‌మెంటులో వాల్వులు తిప్పే పని చేస్తాడు. ఏ గల్లీకి ఏ పూట నీళ్ళు వదలాలో ఆయన చేతిలో ఉంది గానీ, ఇంట్లో ఏది ఎప్పుడు మారిందో ఆయనకు తెలియదు.

"నా చెప్పులు నువ్వెందుకు తొడుగుతున్నవో ఇప్పుడు సమజైంది," అన్నాడు. నవ్వబోయి ఆగాడు. "రేపు కండ్ల డాక్టర్ దగ్గరికి పోదాం పా."

పెద్దాసుపత్రిలో కళ్ళ డాక్టరు వైకుంఠం. సన్నటి మనిషి, నిదానం. గోడ మీది అట్టలో అక్షరాల బదులు చదువు రానివాళ్ళకోసం వేసిన బొమ్మలు చూపించాడు. మాణిక్యమ్మ కింది వరస దాకా తప్పు లేకుండా చెప్పింది.

"చూపు మస్తున్నది సార్," అన్నాడు గుండయ్య, తనే పాసైనట్టు.

డాక్టరు అద్దాల చీటీ రాయలేదు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "నా ముక్కే చూడమ్మా. అటూ ఇటూ చూడొద్దు." రెండు చేతులూ బార్లా చాపి వేళ్ళు ఆడించాడు. "ఏమన్నా కదులుతున్నదా?"

"లేదు సార్."

చేతులు దగ్గరికి తెచ్చాడు. ఇంకా దగ్గరికి. వేళ్ళు దాదాపు ఆయన చెవుల దగ్గరికి వచ్చాక "ఆ, గిప్పుడు" అంది ఆమె. తర్వాత ఆమెను ఒక నల్ల గుడ్డ ముందు కూర్చోబెట్టి, పుల్ల చివర తెల్లటి గుండుసూది తల జరుపుతూ, ఎక్కడ కనిపిస్తే అక్కడ చెప్పమన్నాడు. కాగితం మీద చుక్కలు పెట్టాడు. రెండు కళ్ళకూ బయటి పక్క సగం ఖాళీ. గుర్రానికి గంతలు కడతారే, అట్లా.

అప్పుడు ఆమె చేతులు పట్టుకుని చూశాడు. నాలుక చాపమన్నాడు. పళ్ళ మధ్య సందులు చూశాడు. తలనొప్పి ఉందా అన్నాడు. ఉందంది. నెలసరి ఎట్లా ఉందన్నాడు. ఆమె గుండయ్య వైపు చూసి, గుండయ్య కిటికీ వైపు చూశాక, "మూడేండ్లాయె ఆగిపోయి" అంది. ఆమెకు అప్పటికి ముప్పైఎనిమిదేళ్ళు.

"పాత ఫోటో ఏదైనా ఉందా?"

ఉంది. పదకొండేళ్ళ కింద నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో గుండయ్యతో తీయించుకున్నది. మరునాడు తెచ్చారు. డాక్టరు ఆ ఫోటో ఆమె చెంప పక్కన పెట్టి గుండయ్యను చూడమన్నాడు. గుండయ్య చాలాసేపు చూశాడు. ఫోటోలో సన్నటి ముక్కు, చిన్న చుబుకం. పక్కన లావుపాటి ముక్కు, ముందుకు సాగిన దవడ, నుదుటి ఎముక మిట్టగా.

"వయసు మీదవడ్డదనుకున్న సార్," అన్నాడు మెల్లగా. "దినాం సూసెటోన్ని. సూస్తనే ఉన్న."

"చేతులు ఎప్పటినుంచి పెరుగుతున్నయో గుర్తుందా?" డాక్టరు ఆ ప్రశ్న అందరినీ అడిగేవాడు. ఎప్పుడూ "ఏమో సార్" అనే జవాబే వచ్చేది గనక కలం కూడా కింద పెట్టేశాడు.

మాణిక్యమ్మ చెప్పింది. "తెలంగాణ లొల్లి అయిన ఏడు నా ఎడమ చేతిది ఒకటి పగిలితే రెండుంబావుదే ఏసుకున్న. బ్లాకవుట్ అయిన లడాయి ఏడు మొగుని పేరు మీద మట్టిగాజు ఏసుకోవోతే రెండున్నర వట్టింది. అది పగిలింది. మూడేండ్ల కింద బోనాలకు రెండుముప్పావు మస్తు కష్టంగ ఎక్కింది, అదీ పగిలింది. అటెంక కొత్తది ఏసుకోలే. ఈ పాతయి ఉన్నయ్ గదా అని."

డాక్టరు కలం మళ్ళీ తీశాడు. ఆమె చెప్పింది చెప్పినట్టు, 1969, 1971, 1974 అని ఏడుకేడు, సైజుకు సైజు, కేసు కాగితం మీద రాసుకున్నాడు. "ఇంత సరిగ్గా ఎవరూ చెప్పలేదమ్మా నాకు," అన్నాడు.

తలకు ఎక్స్‌రే తీశారు. తల ఆపరేషన్లు చేసే డాక్టరు దాన్ని వెలుగుకు పట్టి చూపించాడు. పెద్ద మనిషి, మాట సూటి. ముక్కు వెనకాల, మెదడు కింద, ఎముకలో శనగగింజ పట్టేంత గుంట ఉంటుంది. అందులో ఒక గ్రంథి. మనిషి పెరగాలన్నా ఆగాలన్నా దాని హుకుం. మాణిక్యమ్మకు ఆ గ్రంథిలో గడ్డ పెరిగింది. గుంట గోలీ పట్టేంత అయ్యింది. ఆ గడ్డ వల్లే చేతులూ కాళ్ళూ మొహమూ పెరుగుతున్నాయి. అది పైకి లేచి, రెండు కళ్ళ నరాలు కలిసే చోట నొక్కుతోంది. అందుకే రెండు పక్కలా చూపు పోతోంది.

"కేన్సరా సార్?" అన్నాడు గుండయ్య.

"కాదు. వేరే చోటికి పాకే గడ్డ కాదు. కానీ ఉన్నచోటే చెడ్డది. వదిలేస్తే ఒకటి రెండేళ్ళల్లో ఆమెకు మొత్తం చీకటే. నుదుటి పైన ఎముక తెరిచి తీయాలి. తీసినా చూపు ఎంత తిరిగొస్తదో చెప్పలేను. ఉన్నది కూడా పోవచ్చు. ప్రాణానికి కూడా పూచీ ఇయ్యలేను."

గుండయ్య లేచి నిలబడ్డాడు. "తలకాయ తెరుసుడా? వద్దు సార్. పక్కలకు కనవడకుంటే కనవడకపోనీ. నేన్ చెయ్యి పట్టుకొని నడిపిస్త."

మాణిక్యమ్మ ఇద్దరి మాటలూ వింటోంది. ఎవరి ఇంటి సంగతో మాట్లాడుకుంటున్నట్టుంది. గుండయ్య చెయ్యి పట్టుకుని నడిపిస్తాడు, సరే. మరి గల్లీలో ఆడవాళ్ళ చేతులు ఎవరు పట్టుకుంటారు? ఆమె మనసులో ఆ ఒక్క ప్రశ్నే తిరిగింది. గాజు పట్టేదీ లేనిదీ చేతికి తెలియాలి. పగులుతుందా లేదా అన్నది కంటికి తెలియాలి. చెయ్యి ఇప్పటికే తప్పింది. కన్ను కూడా పోతే ఇంక మలారం దించేయడమే.

"సార్, ఆపరేషనైతే నా చెయ్యి మునుపటి లెక్క అయితదా?"

"కండ కొంత తగ్గుతది. ఎముక తగ్గదు."

"అంటే ఇంక పెరగదు గద?"

"గడ్డ మొత్తం తీయగలిగితే పెరగదు."

"యాడ పెట్టాలె బొటనవేలు?" అంది మాణిక్యమ్మ, ఒప్పుకోలు కాగితం కోసం చెయ్యి చాపి.

ఆపరేషన్ రోజు పొద్దున జుట్టు తీసేశారు. ఆమె అద్దం అడగలేదు. తెల్ల చీర కట్టిన నర్సు సావిత్రి పటకారూ గాజుగుడ్డా తెచ్చింది.

"గాజులు తియ్యాలమ్మా."

"రావు సిస్టర్. ఎప్పటియో."

"అయితే పగలగొట్టాలె. లోపలికి ఏదీ పోవద్దు."

మంచం పక్కన ఆగమ్మ నిలబడి ఉంది. మొగుడు పోయిన నాడు తన గాజులు ఎవరు పగలగొట్టారో ఆమెకు గుర్తే. బోడితల కోడలిని, ఆ నాలుగు గాజులను చూసి మొహం తిప్పుకుంది.

"ఒక్కటన్న ఉంచు బిడ్డా," అంది నర్సుతో. "గుండయ్య బతికున్నడు. బోడి చేతులతోని లోపలికి పంపకు. మా పనిల గది లేదు."

"రూలమ్మా. నా చేతుల లేదు."

"మీ రూల్ మీది. మాది మాది," అంది మాణిక్యమ్మ. గొంతులో పంతం లేదు, బతిమాలడం లేదు. కొనేవాళ్ళతో రంగు గురించి మాట్లాడినట్టు అంది. "చేతికేమన్న కడ్తరా మీరు లోపలికి పోయేటప్పుడు?"

సావిత్రి పటకారు కింద పెట్టింది. "కడ్తం. పేరు, మంచం నంబర్ రాసిన పట్టీ."

"అది ముందు కట్టు. అటెంక ఇవి తియ్యి."

సావిత్రి ఎడమ చేతికి పట్టీ చుట్టింది. సిరాతో "మాణిక్యమ్మ, 14" అని రాసి ఉంది. కుడి చేతికి ఉత్త పట్టీయే చుట్టింది, ఎవరూ అడగకుండానే. ఆ తర్వాత గాజుగుడ్డ కప్పి ఒక్కొక్క గాజే నొక్కింది. నాలుగు సార్లు చిన్న చప్పుడు. ఎక్కడా గీసుకోలేదు.

"మంచి చెయ్యి నీది," అంది మాణిక్యమ్మ.

ఆరు గంటలు పట్టింది. బతికింది. మొదటి నాలుగు రోజులూ ఆమెకు దాహం తప్ప ఇంకేమీ గుర్తులేదు. కడవలు కడవలు తాగింది, తాగిందంతా ఉచ్చగా పోసింది. "నా డిపార్ట్‌మెంట్ మొత్తం నీకే వదుల్తున్న" అని గుండయ్య కూజాలు మోశాడు. సూదులూ మాత్రలూ ఇచ్చారు. దాహం తగ్గింది. ఆగమ్మ మొహం తుడవడానికి సబ్బు తెస్తే, దాని వాసన రాలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చింది. పద్దెనిమిదేళ్ళు రోజంతా పీల్చిన వాసన. లేదు. వాసన నరాలు దెబ్బతిన్నాయన్నాడు డాక్టరు. తిరిగి రాకపోవచ్చన్నాడు. ఆమె సబ్బు పక్కన పెట్టింది.

వారం తర్వాత వైకుంఠం డాక్టరు వచ్చి చేతులు బార్లా చాపాడు. "నా ముక్కే చూడు."

"కుడి దిక్కు వేలు ఆడుతున్నది," అంది వెంటనే.

"ఎడమ దిక్కు?"

ఆమె ఆయన ముక్కు మీంచి చూపు తిప్పలేదు. "లేదు సార్."

చాలా దగ్గరికి తెచ్చాక కనిపించింది. కుడి సగం వచ్చింది. ఎడమ సగం రాలేదు. అంతే దక్కింది. మిగిలిన గడ్డ ముక్క పెరగకుండా ఇంకో ఆసుపత్రిలో ఐదు వారాలు రేడియేషన్ కరెంటు పెట్టారు. ఆ మాట విని గల్లీలో కొందరు కేన్సరే అన్నారు. ఆగమ్మ వాళ్ళతో తగువు పెట్టుకుంది. మాణిక్యమ్మ పెట్టుకోలేదు.

చేతులు మాత్రం వదులయ్యాయి. చర్మం ముడతలు పడింది. ఆగమ్మ సీతారాం సేటు దగ్గర్నుంచి సైజుకొక గాజు చొప్పున దారానికి గుచ్చి తెచ్చింది. రెండుముప్పావు కోడలి చేతికి సులువుగా ఎక్కింది. అంతకన్నా చిన్నది ఎక్కలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ ఎక్కలేదు.

"కర్ర గూడ పంపిండు సేటు," అంది ఆగమ్మ.

"కర్ర గాజును కొలుస్తది అత్తా. చెయ్యిని కొలుస్తదా?"

మాణిక్యమ్మ వాకిట్లో కూర్చుని, నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళ చేతులు పట్టుకోవడం మొదలుపెట్టింది. పిడికిట్లో నొక్కి ఒక సైజు చెప్పేది. ఆగమ్మ దారం మీది గాజు తొడిగి చూసేది. "రెండుంబావు" అన్న చెయ్యికి రెండుంబావు పట్టలేదు. మళ్ళీ, మళ్ళీ. నల్లా దగ్గర ఆడవాళ్ళు "మాణిక్యమ్మ బడి పెట్టింది" అని నవ్వారు. నెల తిరిగేసరికి ఆమెకు ఒక సంగతి తేలింది. పిడికిలి ఏది చెబితే దానికి ఒక సైజు కలపాలి. ఎప్పుడూ ఒకటే తేడా. తప్పే గానీ, కుదురైన తప్పు. పెరగడం ఆగిన చెయ్యి చేసే తప్పు.

దసరాకు కోమలవల్లి పుట్టింటికి వచ్చింది. మాణిక్యమ్మ తలకు గుడ్డ కట్టుకుని, పైన కొంగు కప్పుకుని, మలారంతో జహనుమా వెళ్ళింది. ఆగమ్మ ఆమె ఎడమ పక్కన నడిచింది, గోడలు తగలకుండా. రాధాబాయి గుమ్మంలో నిలబడి ఆ మొహం, ఆ గుడ్డ చూసింది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు.

"బాయమ్మా, పిల్లకు గాజులేస్త. పగిలితే మళ్ళ మీ గల్లీకి రాను."

"నువ్వు... నీకు..." అంది రాధాబాయి.

"అమ్మా, రానియ్," అంది కోమలవల్లి వెనకనుంచి. వచ్చి చాప మీద కూర్చుంది. బొటనవేలి మొదట్లో తెల్లటి మచ్చ, బియ్యపుగింజంత.

మాణిక్యమ్మ మలారం పరిచి తలను ఎడమకు తిప్పి, మొత్తం వరసలు చూసుకుంది. చెయ్యి అందుకుంది. మచ్చ మీద తన వేలు పడకుండా మెటికలు కలిపి నొక్కింది. పిడికిలి రెండుంబావు అంది.

"రెండున్నర," అంది మాణిక్యమ్మ.

రాధాబాయి కూతురి చేతి వైపే చూస్తోంది. మాణిక్యమ్మ సబ్బు రాసింది. పాతవి ఒక్కొక్కటే తీసింది, ఒకటి ఉంచి. కొత్త గాజు మెటికల దగ్గరికి వచ్చి ఒక్క క్షణం నిలిచింది. మాణిక్యమ్మ నెట్టలేదు. చర్మాన్ని వెనక్కి సవరించి, గాజును కొద్దిగా తిప్పింది. అది జారి మణికట్టు మీదికి వెళ్ళి కూర్చుంది.

రాధాబాయి ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. "చాయ్ పెట్టనా మాణిక్యమ్మా?"

"పెట్టు బాయమ్మా. కుడి దిక్కు పెట్టు."

సంతోషం వస్తుందేమోనని మాణిక్యమ్మ కాసేపు చూసింది. రాలేదు. పిల్ల చేతికి మిగిలిన ఆ ఒక్క పాత గాజు తీసి పక్కన పెట్టి, రెండో గాజు అందుకుంది.